మౌనం మధ్యలో ఈల

నోట్లో రెండు వేళ్ళు పెట్టుకోగానే శానిటైజర్ రుచి తగిలింది. చేదు, మంట, చివర్లో కాస్త నిమ్మ వాసన. బస్సు దిగి చేతులు శుభ్రం చేసుకోవడం నా తప్పే. ఘనకార్యాలకు శుభ్రత పనికిరాదు. బొల్లారం దాటాక ఉన్న గుట్ట మీద, నల్లరాతి శిల్పం ముందు, పెద్దలంతా తలలు వంచి రెండు నిమిషాల మౌనం మొదలుపెట్టారు. ఆ మౌనంలో నేను ఈల వేయాలి. వేయకపోతే సుగుణ టీచర్ పోయిన మొదటి ఏడాదే ఇక్కడ ఏటా మోగే ఆవిడ ఈల ఆగిపోతుంది. ఆవిడ పైనుంచి చూస్తుంటారని అనను. ఒకవేళ చూస్తుంటే మాత్రం తిట్టకుండా ఉండరు.

రాంగోపాల్‌పేట్‌లోని మా బడిలో టీచర్ సోషల్ చెప్పేవారు. ఎనిమిదో తరగతిలో ఒకరోజు ఆవిడ బోర్డు వైపు తిరగ్గానే నేను ఈల వేశాను. క్లాసంతా నవ్వింది. అది ఆడపిల్లల బడి కాబట్టి నేరాన్ని మగపిల్లల మీదికి నెట్టే వీలు లేదు. నేనే లేచి నిలబడ్డాను. టీచర్ చాక్‌పీసు పక్కన పెట్టి, దగ్గరికి వచ్చి, నా నోటిని పరీక్షగా చూశారు.

“గిదేం ఈలనే? కుక్కర్‌ల నీళ్ళు అయిపోయినట్టుంది. నాలిక మడువు. పెదాలు పళ్ళ మీదికి తే.”

“టీచర్, ఆడపిల్లలు ఈల వేయొద్దని మా నానమ్మ...”

“మీ నానమ్మను తోల్కరా. ఆమెకు సుత నేర్పిస్త.”

నానమ్మను తీసుకెళ్ళలేదు. ఆవిడకు ఈల కూడా వస్తే ఇంట్లో మేం బతకలేం. నేను మాత్రం రోజూ బడి వదిలాక స్టాఫ్‌రూం వెనకాల నేర్చుకున్నాను. అక్కడే టీచర్ తన అన్న నర్సింగ్ గురించి చెప్పారు. వాళ్ళ ఇల్లు రెజిమెంటల్ బజార్‌లో. నాన్న కోపిష్ఠి. కాలేజీ నుంచి ఆలస్యంగా వచ్చిన రోజు అన్న గల్లీ మొదట్లో నిలబడి ఈల వేసేవాడు. నాన్న శాంతంగా ఉంటే చెల్లెలు డాబా మీద నుంచి తిరిగి ఈల వేయాలి. అంటే ఇంటికి రావచ్చని. కోపంగా ఉంటే చప్పుడు చేయకూడదు. అంటే ఇప్పుడప్పుడే రావద్దని. తెలంగాణ కోసం మొదటిసారి విద్యార్థులు రోడ్ల మీదికి వచ్చిన రోజులవి. ఊరేగింపులో నర్సింగ్ ఉన్నాడు. తుపాకులు పేలాయి. సంగతి తెలియని చెల్లెలు, ఆరోజు నాన్న కోపంగా లేడు కాబట్టి, చీకటి పడేదాకా డాబా మీద ఈల వేస్తూనే ఉంది.

అది విని నేను కళ్ళు తుడుచుకోబోతే టీచర్ కసిరారు. “ఏడ్వకు. ముక్కు కారితే ఈల రాదు.”

పదో తరగతి అయ్యాక, ఏటా ఆ కాల్పులు జరిగిన రోజున నన్ను ఈ గుట్టకు వెంట తీసుకొచ్చేవారు. కాల్పుల్లో పోయినవాళ్ళ గుర్తుగా చెక్కిన శిల్పం ఇది. ముగ్గురు కుర్రాళ్ళు నడుస్తుంటారు. నడిమి వాడి నోరు బార్లా తెరిచి ఉంటుంది; అందులో పిచ్చుకలు కాపురం పెట్టాయి. మొదటిసారి వచ్చినప్పుడు మౌనం సగంలో ఉండగా పక్కనుంచి ఈల మోగింది. ఒక నాయకుడి చేతిలోని పూలదండ జారి ఆయన చెప్పుల మీదే పడింది. అలా ఆ ఏడు మొదటి నివాళి ఆ చెప్పులకు దక్కింది.

“ఏందమ్మా గిది? మౌనం పాటిస్తున్నం గద!” అన్నాడాయన.

“మీరు పాటించుండ్రి సారూ, నేనేం అడ్డం రాను. మా ఇంట్ల మౌనమంటే ఇంటికి రావద్దని. మా అన్నకు ఆ మాట నేను జెప్ప.”

ఆయన చుట్టూ చూశాడు. జవాబు రాసిచ్చే మనిషి ఆరోజు వెంట లేనట్టుంది.

పోయినేడు టీచర్ కొత్త పళ్ళసెట్టుతో వచ్చారు. మౌనం మొదలైంది. ఆవిడ వేళ్ళు పెట్టి ఊదారు. ఉత్త గాలి వచ్చింది. మళ్ళీ ఊదారు. సెట్టు తీసి నా అరచేతిలో పెట్టి మరోసారి ఊదారు. ఈసారి ఆ గాలి చప్పుడూ లేదు. నోరు తెరిచిన రాతి కుర్రాడి వైపు తిరిగారు. అన్ని తరగతులకు పాఠాలు చెప్పిన ఆ మనిషి మొహంలో మొట్టమొదటిసారి భయం చూశాను. ఎనిమిదో తరగతి అల్లరి తప్ప, అప్పటిదాకా నేను నలుగురిలో ఈల వేసింది లేదు.

“ఏం జూస్తున్నవే? పళ్ళు పట్టుకొని బొమ్మలెక్క నిలవడ్డవ్. నువ్వు ఊదు!”

ఒక చేతిలో ఆవిడ పళ్ళు, నోట్లో రెండో చేతి వేళ్ళు. దేశ చరిత్రలో ఇంత గంభీరమైన నివాళి ఎవరూ అర్పించి ఉండరు. ఊదాను. మోగింది. టీచర్ సెట్టు తీసుకొని పెట్టుకుని, తీర్పు చెప్పారు. “పాస్ మార్కులే. వచ్చే ఏడు ఫస్ట్ క్లాస్ కావాలె.”

వచ్చే ఏడు వచ్చింది. ఆవిడ రాలేదు.

ఊదాను. శానిటైజర్ దయవల్ల కుక్కర్‌లో నీళ్ళు అయిపోయిన చప్పుడే వచ్చింది. ముందు వరసలో రెండు తలలు వెనక్కి తిరిగాయి. గేటు దగ్గరి ముసలి గార్డు లాఠీ ఊపుకుంటూ నా వైపు నడిచొచ్చాడు. ఇక పంపించేస్తాడనుకొని, ఏం జవాబు చెప్పాలో సిద్ధం చేసుకున్నాను.

“ఆ టీచరమ్మ ఏదీ?” అన్నాడు గొంతు తగ్గించి.

“పోయారు.”

ఆయన లాఠీ చంకలో పెట్టుకున్నాడు. రాతి కుర్రాళ్ళనోసారి, వంచిన తలలనోసారి చూశాడు.

“అయితే జెర గట్టిగ కొట్టు బిడ్డా. ఆమెది కింద రోడ్డు దాక ఇనవడేది.”

చున్నీతో వేళ్ళు తుడుచుకున్నాను. నాలుక మడిచి, పెదాలు పళ్ళ మీదికి తెచ్చాను. రెండో నిమిషం ఇంకా మిగిలే ఉంది.