జాలహళ్ళి దారిలో కారు ఆగితే ఎవరొస్తారు?

పోయినేడు జాలహళ్ళి వెళ్ళొచ్చి, మా రాయచూరు వర్తకుల పత్రికలో ఆ ప్రయాణం గురించి రాశాను. కారు దారిలో మొరాయించిందని, తప్పంతా మెకానిక్ మహబూబ్‌దేనని అందులో ఉంది. ఒక మాట దాచాను. ఇరవై ఏళ్ళు డీజిల్ బండి నడిపిన అలవాటుతో కొత్తగా కొన్న సెకండ్‌హ్యాండ్ పెట్రోలు కారులో డీజిల్ పోయించింది నేనే. ట్యాంకు ఖాళీ చేసి బండిని బాగుచేసిన మహబూబ్‌కు ఆ సంగతి తెలుసు. ఎవరికీ చెప్పలేదు. నేను మాత్రం నవ్వులపాలవుతానని ఆయన పేరు రాసేశాను. బజారు జనం ఆయన షెడ్డుకు పోవడం మానేశారు.

ఈసారి జాలహళ్ళిలో మా పిన్నమ్మ మనవరాలి పెళ్ళి. పెళ్ళిచీరలు మా దుకాణంవే, పట్టుకెళ్ళాల్సింది నేనే. దారిలో ఆగితే ఆదుకునే సేవ ఒకటి తీసుకుందామని మూడు కంపెనీలకు ఫోన్ చేశాను. మీరూ ఇదే అడగండి: "దేవదుర్గ దాటాక బండి ఆగితే ఎవరొస్తారు, ఎక్కణ్ణుంచి?" ఇద్దరు పిన్‌కోడ్ అడిగి ఊరుకున్నారు. మూడో కంపెనీ అమ్మాయి కన్నడంలో టక్కున చెప్పింది, దేవదుర్గలో మహబూబ్ అనే మెకానిక్ ఉన్నారని, రాయచూరు షెడ్డు మూసి ఈమధ్యే అక్కడ చేరారని.

అదే తీసుకున్నాను. నా భార్య సుజాత ఊరుకోలేదు. "ఆయన మీదనే గట్ల రాస్తిరి. ఇప్పుడు ఆయననే నమ్ముకుంటిరా?"

ఉదయం ఏడుకు బయల్దేరాం. ఎనిమిదిన్నరకు దేవదుర్గలో వేడివేడి బొరుగుల సుస్లా, మిర్చిబజ్జీ తిన్నాం. మహబూబ్ షెడ్డు ముందునుంచే వెళ్ళాను. ఆగే ధైర్యం చాలలేదు. తొమ్మిదింబావుకు, జొన్నచేల మధ్య, ఇంజను బెల్టు తెగింది. ముహూర్తం పదకొండున్నరకు. ఫోన్ చేశాను.

ఇరవై అయిదు నిమిషాల్లో మోటారుసైకిల్ మీద మహబూబే వచ్చాడు. చేతిలో కొత్త బెల్టు.

"కంపెనీవాళ్ళు బండి నంబర్ చెప్పంగనే గుర్తువట్టిన సావుకార్. పోయినేడే చెప్పిన గద, బెల్టు పాతగైందని." బానెట్ ఎత్తుతూ నవ్వాడు. "ఈసారి డీజిల్ అయితే పొయ్యలేదు గదా?"

సుజాత పకపకా నవ్వింది. నేను తల ఎత్తలేకపోయాను.

పదిన్నరకు ఇంజను గర్జించింది. పదకొండుకు జాలహళ్ళి పందిట్లో దిగాం. "చీరలొచ్చినయే!" అని మా పిన్నమ్మ కేక పెడితే బాజాలు మోగాయి. పెళ్ళికూతురు మా చీర కట్టుకుని సమయానికి పీటలమీద కూర్చుంటే, రాజ్యం గెలిచినట్టనిపించింది.

నాలుగింటికి తిరుగు ప్రయాణం. ఏ యాప్‌లో ఎన్ని స్టార్లున్నాయో చూడకండి. వచ్చే మనిషెవరో కనుక్కోండి. ఈ ప్రయాణంలో నేను నేర్చుకున్నది అంతే.

దేవదుర్గలో షెడ్డు ముందు కారు ఆపాను. నలుగురైదుగురు బండ్ల కోసం కూర్చునున్నారు. వాళ్ళందరి ముందే అన్నాను:

"మహబూబ్ భాయ్, పోయినేడు డీజిల్ పోయించింది నేను, బద్నాం చేసింది నిన్ను. పత్రికల గూడ ఇదే రాస్త. నన్ను మాఫ్ చెయ్యి."