గుండె మీద అరచేయంత చోటు

ఆంజినప్పది మా వీధే. ఉరవకొండ పక్కనున్న మా ఊళ్లో పీర్ల పండుగకు పులివేషం మొక్కుకున్నవాళ్లకు ముప్పై ఏళ్లుగా ఒంటికి రంగు వేసేది ఆయనే. తక్కిన రోజుల్లో గోడల మీద ఎరువుల పేర్లు రాస్తాడు.

ఆయన పనికి కొన్ని కట్టుబాట్లున్నాయి. "కడుపుకేమన్నా తిన్యావా?" అని అడగనిదే కుంచె పట్టడు. రంగు కింద శెనక్కాయ నూనె పూస్తాడు. వేషం ముగిశాక, ఎంత అలసిపోయినా, తానే శనగపిండితో రుద్ది కడుగుతాడు. గుండె మీద మాత్రం అరచేయంత చోటు వదిలేస్తాడు. ఎవరైనా అడిగితే, "అది దేవునిదప్పా. ఆడ మన రంగెందుకు?" అంటాడు. మాది యేసుప్రభువును కొలిచే ఇల్లు. అయినా ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆమెన్ అనాలనిపిస్తుంది.

మొన్న ఏప్రిల్‌లో పట్నం నుంచి ఒక చిత్రకారుడు కారులో వచ్చాడు. పంట పోయిన రైతు ఒంటినిండా నెర్రెలిచ్చిన నేల వేయించి, బీడు చేలో నిలబెట్టి ఫోటో తీయాలట. చేను మా ఊరి రైతు తిప్పన్నది. ఒళ్లూ తిప్పన్నదే. పనితనం ఆంజినప్పది. బొమ్మ కింద పేరు మాత్రం ఆ పట్నం ఆయనగారిది!

పదికంతా తిప్పన్న వీపూ చేతులూ మొహమూ నేలైపోయాయి. గుండె మీద ఆ కాస్త చోటే మిగిలింది.

"అక్కడ ఖాళీ ఉందేంటి?" అన్నాడు చిత్రకారుడు.

"అంతే సామీ. అది ఇడిసేదే."

"ఇది పోస్ట్‌మోడర్న్ కళ. మనిషి కనపడకూడదు. నేల ఒక్కటే కనపడాలి."

"మనిషి కనపడకుంటే మనిషెందుకు సామీ? మా ఇంటి గోడ ఇచ్చేవాణ్ణి గదా!"

తిప్పన్న పకపకా నవ్వాడు. "నవ్వకు, రంగు పగులుతుంది" అని చిత్రకారుడు గదమాయించాడు. సొంత చేలో నిలబడిన మనిషి నవ్వకూడదట!

ఆంజినప్ప నీళ్లకని మా ఇంటికి వచ్చి, ఈ మాటలన్నీ చెప్పాడు. నేను మజ్జిగ చెంబుతో ఆయన వెంట నడిచాను. మేము చేలోకి వెళ్లేసరికి గుండె మీది చోటు లేదు. చిత్రకారుడు తన డబ్బాలోని రంగుతో పూడ్చేశాడు. మూతి రంగు చెదురుతుందని, వెలుగు కుదిరేదాకా ఏమీ తాగొద్దన్నాడట.

"కండ్లు తిరుగుతాండాయన్నా" అన్నాడు తిప్పన్న.

నేను ఎవరినీ ఒక మాటనే మనిషిని కాను. ఆ రోజు అన్నాను. "నీ నెత్తిన టోపీ ఉండాది, నీ చేతిలో నీళ్ల సీసా ఉండాది. ఆయప్ప ఏం పాపం చేసినాడప్పా?"

ఆంజినప్ప తిప్పన్నను గట్టు మీద కూర్చోబెట్టి, నీళ్ల చెంబు చేతికిచ్చాడు. తువ్వాలు నూనెలో తడిపి, గుండె మీద పెట్టి తుడిచాడు. అరచేయంత మేర మనిషి చర్మం బయటపడింది.

"ఆగాగు! ఆ చెయ్యి అలాగే ఉంచు, అద్భుతం!" అంటూ చిత్రకారుడు కెమెరా ఎత్తాడు.

ఆంజినప్ప అడ్డంగా నిలబడ్డాడు. ఈసారి సామీ అనలేదు. "నీ కెమెరా మూస్కోప్పా. మనిషి నీళ్లు తాగుతాండాడు."

కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. వేపచెట్టు కింద శనగపిండితో రుద్దుతూ కూర్చున్నాడు ఆంజినప్ప. పట్నం రంగు పడిన చోట తిప్పన్న చర్మం ఎర్రగా కందిపోయింది.

"చేను ఎండింది చాలదని నన్ను గూడా ఎండబెట్టినారు గదన్నా" అని తిప్పన్న నవ్వాడు.

ఆంజినప్ప నవ్వలేదు. తిప్పన్న చెవుల వెనక ఇంకా నేల మిగిలి ఉంది. అతని తల వంచి, దాన్ని కడుగుతున్నాడు.