వెనక పడవలో చిన్నమ్మ

మా చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడు, పోయిన నెల కాలం చేశాడు. బోధన్ బస్సు కండక్టరు మా గుమ్మం ముందు ఆగి, "మీ చిన్నబాపు పోయిండమ్మా" అన్నాడు. చేతిలో చాట ఎక్కడ పెట్టానో తెలియలేదు. అలాగే బస్సెక్కాను.

ఆయన మొదట బోధన్ దగ్గర ఒక గుంటూరు రైతు దగ్గర చెరుకు ట్రాక్టరు నడిపేవాడు. తర్వాత పోచంపాడు డ్యాం వెనక గోదారి నీళ్లలో మోటారు పడవకు మారాడు. మాట తక్కువ, కంగారు ఎక్కువ. అన్నం ముందు కూర్చుని కూడా లేచిపోయి తలుపు గొళ్లెం చూసి వచ్చేవాడు. "ఇంకోపారి సూస్తే నా సొమ్మేం పోతది?" అనేవాడు. మేం నవ్వేవాళ్లం.

మా అన్న పెళ్లికి అవతలి ఒడ్డుకు రెండు పడవల్లో బయల్దేరాం. ముందు పడవ చిన్నబాపుది. అందులో పెళ్లికొడుకు, మగవాళ్లు, పిల్లలు. వెనక పడవలో ఆడవాళ్లం. చిన్నబాపు భార్య, మా చిన్నమ్మ, నా పక్కనే ఉంది. సరిగ్గా నడిమధ్యలో మా ఇంజను ఆగిపోయింది. గాలి లేచింది. పడవ అడ్డం తిరిగి ఊగసాగింది.

చిన్నబాపు వెనక్కి తిరిగొచ్చి పొడుగాటి తాడు విసిరాడు. మా పడవ ముక్కుకు రెండు పక్కలా కట్టించాడు. "చెరుకు బండి లెక్కనే. గుంజొద్దు, తాడు బిగిసేదాక ఆగాలె" అని తనకు తానే చెప్పుకుంటూ మెల్లగా కదిలాడు. మా పడవ బుద్ధిగా వెంట నడిచింది.

మేం ఊరుకుంటే బాగుండేది. గోదారి దాటేటప్పుడు నడుమ నీళ్లలో పసుపు కుంకుమ వెయ్యడం మా ఆడవాళ్ల అలవాటు. బతికిపోయామన్న సంబరంలో అందరం లేచి పడవ ముక్కు దగ్గరికి ఎగబడ్డాం. బరువుకు ముక్కు దిగింది, నీళ్లు లోపలికి వచ్చాయి. మేం మునిగితే ఆ తాడు పిల్లలున్న పడవను కూడా ముంచుతుంది.

చిన్నబాపు ఇంజను తగ్గించాడు. "ఎనక్కి పోండ్రి! గంగమ్మకు ఒడ్డుకు పోయినంక మొక్కుండ్రి!"

పెళ్లికొడుకు చేతిలో ఆచారంగా పట్టుకున్న నిమ్మకాయ గుచ్చిన కత్తి ఉంది. మా ఇంట్లో చెరుకు కొట్టే కత్తే అది.

"నిమ్మకాయ తీసెయ్. నేను కొయ్యంటే తాడు కొయ్యి. నా మొఖం సూడకు" అన్నాడు చిన్నబాపు.

ఆ మాట మాకు వినబడింది. ఏం మనిషి ఈయన అని మండింది. చిన్నమ్మ మాత్రం ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి వెనక్కి కూర్చోబెట్టి, ఆఖరున తనూ వచ్చి కూర్చుంది. ముక్కు లేచింది. చెంబులతో నీళ్లు తోడాం. ఒడ్డు చేరేదాకా ఆయన తాడునే చూశాడు, మమ్మల్ని చూడలేదు.

మొన్న దినాల నాడు అడిగేశాను. "చిన్నమ్మా, గా దినం నిజంగనే తాడు కోయిస్తుండెనా?"

"కోయిస్తుండె" అంది. "నేను గూడ మీ చిన్నబాపును గదే అడిగిన. 'పిల్లలుండిరి, కోయిస్తుంటి, కోయిచ్చి నేను నీ దిక్కు దుంకుతుంటి' అన్నడు."

దీపంలో నూనె పోసింది.

"'నీకు ఈత రాదు గద' అన్న నేను. 'రాదు, అయితేంది' అన్నడు."