ఊ అన్నాకే దెబ్బ

మా సార్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నా చేతిలో సుత్తి ఉంది. లాలాపేట్‌లో నా షెడ్డు ముందు ఒక ఆటో మడ్‌గార్డు సొట్ట తీస్తున్నాను. ఫోన్ చేసింది టీచరమ్మ, సార్ భార్య. "బాబూ, సార్ వెళ్లిపోయారు" అన్నది. నేను నవ్వాను. ముప్పై ఏళ్లుగా ఆయన్ని ఏడిపించినవాణ్ని, ఇన్నాళ్లకు బదులు తీర్చుకుంటున్నారు అనుకున్నాను. "సార్ పక్కనే కూసొని నవ్వుతున్నరా టీచరమ్మా? జర ఫోన్ ఇయ్యున్రి, సంగతి చెప్త" అన్నాను. అటునుంచి ఏడుపు వినబడింది. ఫోన్ కట్టయింది. ఆ తర్వాత నేను కొట్టిన దెబ్బ మడ్‌గార్డు మీద పడలేదు, నా ఎడమ బొటనవేలి మీద పడింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ గోరు నల్లగానే ఉంది.

సమాధుల దగ్గర పాస్టరుగారు ఆయన్ని సాత్వికుడు అన్నారు. నేను పెట్టె వైపు చూశాను, మూత ఎగిరి పాస్టరుగారికి తగులుతుందేమోనని.

చదివేవాళ్లకు నేను అబద్ధం చెప్పను. మా సార్ కొట్టేవారు. చేతిలో స్పానరు ఉంటే స్పానరు విసిరేవారు, టీ గ్లాసు ఉంటే టీ గ్లాసు. నా కుడి కనుబొమ్మను రెండు ముక్కలు చేసిన గీత పదమూడో నంబరు స్పానరుది. తార్నాకలో సార్ వాళ్ల పక్కింటాయన ఒక ఆదివారం, ఈ సుత్తి చప్పుడేమిటని గోడ అవతలి నుంచి తల్లిని కలిపి తిడితే, సార్ చర్చి బట్టల్లోనే గోడ దూకి ఆయన కాలరు పట్టుకున్నారు. ఇద్దరూ తులసికోట పక్కన మట్టిలో దొర్లారు. ఒకరి చెవి ఒకరు కొరుక్కునేదాకా వచ్చింది. విడదీయబోయిన నాకే ఎక్కువ తగిలాయి. పై వారం ఆ పక్కింటాయన స్కూటరు మొరాయిస్తే దాన్ని బాగుచేసి ఇచ్చిందీ సారే. చేస్తున్నంతసేపూ ఆయన్ని తిడుతూనే ఉన్నారు, ఆయన టీ తెచ్చి ఇస్తూనే ఉన్నాడు.

యూనివర్సిటీ క్యాంపస్‌లోని వర్క్‌షాపులో ఆయన ఇన్‌స్ట్రక్టరు. గుంటూరు వైపు మనిషి. నేను ఇంటర్ రెండుసార్లు తప్పి, మీసాలు ముదిరాక అక్కడ రోజుకూలీగా చేరాను. మొదటి వారమే ఆయన స్కూటర్ హ్యాండిల్‌కి గ్రీజు పూశాను. ఆయన తెల్లచొక్కా నిండా నల్ల మరకలతో లోపలికి వచ్చారు. ఎవరు చేశారని అడగలేదు. వర్క్‌షాపులో గ్రీజు అంటని చెయ్యి ఎవరిదుంది? అందుకని చేతులు చూడలేదు, మొహాలు చూశారు. నవ్వు ఆపుకుంటున్న మొహం నాదొక్కటే. చెంప మీద ఒక్కటి పడింది. సాయంత్రం దాకా చెవిలో గంట మోగింది. ఆ వెంటనే నా చేతిలో ఒక ఇనుప దిమ్మ పెట్టి, "పట్టుకో వెధవా. ఇవాళ్టి నుంచి నువ్వు లోపలి చెయ్యి" అన్నారు.

రేకు సొట్ట తీయడానికి ఇద్దరు కావాలి. ఒకడు బయటినుంచి సుత్తితో కొడతాడు, ఒకడు లోపల దిమ్మ ఆనించి పట్టుకుంటాడు. వెనక దిమ్మ లేకుండా కొడితే ఉన్న సొట్ట పోదు సరికదా, పక్కన ఇంకొకటి పడుతుంది. బయటివాడికి లోపలి చెయ్యి కనబడదు. అందుకని సార్ ఒక నియమం పెట్టారు. దిమ్మ సరిగ్గా ఆనాక లోపలివాడు "ఊ" అనాలి. ఊ అన్నాకే దెబ్బ.

ఒకరోజు ఆయన లోపల, నేను బయట. కాస్త బెదిరిద్దామని ఊ రాకముందే కొట్టాను. లోపలినుంచి వచ్చిన కేకకు కిటికీ మీది పావురాలు లేచాయి. ఆయన ఎడమ చిటికెనవేలు చితికిపోయింది. బయటికి వచ్చి ఆ నెత్తుటి చేత్తోనే నన్ను వాయించారు. నా చొక్కా మీద ఎవరి నెత్తురు ఎంతో తేలలేదు. కొట్టి కొట్టి అలిసిపోయి, స్టూలు మీద కూర్చుని, గుడ్డపీలిక నా మొహాన కొట్టి "కట్టు" అన్నారు. కడుతుంటే అన్నారు: "ఒరే, కొట్టడానికి బలం చాలు. అవతల ఒక చెయ్యి ఉందని గుర్తుండటానికే బుద్ధి కావాలి."

ఆ గోరు మళ్లీ సరిగ్గా రాలేదు.

ఇక కారు. అది తెల్ల అంబాసిడర్, క్యాంపస్‌లో ఒక పెద్ద అధికారి ఎక్కి తిరిగినది. ఏదో గొడవలో ఒక గుంపు దాని మీద రాళ్లు వేసి, పక్కకు పడదోసి, నిప్పు పెట్టింది. డ్రైవరు లోపలే ఇరుక్కున్నాడు. సార్ వర్క్‌షాపు నుంచి పరుగెత్తి, అద్దం మోచేత్తో పగలగొట్టి, డ్రైవరును జుట్టు పట్టి బయటికి లాగారు. లాగుతుండగా వీపు మీద మూడు రాళ్లు పడ్డాయి. తర్వాత ఆ కాలిన డొక్కును వేలంలో కొని తార్నాక ఇంటి ముందు పెట్టుకున్నారు. ఎందుకు సార్ అంటే, "నా వీపు మానింది. దీనిదీ మానాలి" అనేవారు.

ఆదివారం ఆదివారం ఏళ్ల తరబడి చేశారు. ఇంజను కుదిరింది, బ్రేకులు కుదిరాయి. రేకుల పని, రంగు మిగిలాయి. అంతలో ఆయన కిడ్నీలు పనిచేయడం మానేశాయి.

ఆసుపత్రి మంచం మీద నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కున్నారు.

"కారు నువ్వు పూర్తి చెయ్యరా."

"చేస్త గని, గింత తొందరేంది సార్?"

"తొందర నాది కాదు, డాక్టరుది. టీచరమ్మని పక్కన కూర్చోబెట్టుకుని క్యాంపస్ చుట్టూ ఒక్కసారి నేనే నడపాలి. ఈ మధ్య అందరూ నన్ను పడుకోబెట్టే తీసుకెళ్తున్నారు."

"నేను నడుపుత. మీరు ఎనక కూసోన్రి, దొరలెక్క."

"స్టీరింగు ముట్టుకున్నావంటే చేతులు నరుకుతా."

కారును లాలాపేట్ తెచ్చుకున్నాను. లోపలి చెయ్యి ఎవరు? ఒక చేత్తో దిమ్మ, ఒక చేత్తో సుత్తి పట్టుకుని, ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి సీటు మీద ఉంచేవాణ్ని. అటు ఆయన మంచం మీద. చప్పుడు విని చెప్పేవారు. దిమ్మ మీద పడ్డ దెబ్బ ఖణ్‌మంటుంది, తప్పితే ధబ్‌మంటుంది. "జారింది, సరిగ్గా పెట్టు గాడిదా... ఊ." ఖణ్. "ఊ." ఖణ్. నాలుగు తలుపులూ, రెండు మడ్‌గార్డులూ అలాగే తీశాం. పక్క మంచం వాళ్లు గోల చేస్తే వాళ్లకూ తిట్లు పడేవి. నేను ఇక్కడినుంచే వినేవాణ్ని.

రంగు ఆరిన రోజు నాలోని కోతి లేచింది. ముషీరాబాద్‌లో పాత ఇనుము దుకాణం ముందు, గ్యాసుతో ముక్కలుగా కోసిన తెల్ల కారు ఒకటి కనబడింది. ఫొటో తీసి సార్‌కు పంపాను. కింద, "జాగ సాల్తలేదు సార్, మీ బండి కోయించేసిన" అని రాశాను. బూతుల కోసం ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. రాలేదు. కాసేపటికి షెడ్డు ముందు ఆటో ఆగింది.

ఆసుపత్రి బట్టల్లోనే దిగారు. చేతికి గుచ్చిన సూది ఆయనే పీకేసుకున్నారు. నెత్తురు మణికట్టు నుంచి మోచేతి దాకా కారి బొట్లుబొట్లుగా పడుతోంది. ఆటోవాడు అదిరిపోయి ఆయన్ని వదిలి నన్ను చూస్తున్నాడు.

"కారేదిరా?"

నేను పళ్లికిలించి టార్పాలిన్ లాగాను. "గిదుగో సార్, పెండ్లికొడుకు లెక్క ఉన్నది! మజాక్ చేసిన!"

ఆయన బల్ల మీది సుత్తి తీశారు. ఆ మనిషికి లేచి నిలబడే శక్తి లేదని డాక్టరు చెప్పాడు. ఆ సుత్తి నా తల మీదికి వచ్చిన వేగం నాకు ఇప్పటికీ తెలుసు. వంగాను. గాలి చెవిని కోసుకుంటూ పోయింది. ధబ్. బానెట్టు మీద సాసరంత సొట్ట. చుట్టూ కొత్త రంగు పగిలి పెంకులుగా లేచింది. నేను వంగకపోతే ఈ స్మృతి నా గురించి ఇంకెవరో రాసేవారు.

ఆయన నా వైపు చూడలేదు, సొట్ట వైపు చూశారు. "ఊ అనకుండానే కొట్టానురా" అన్నారు. మడ్‌గార్డు మీదుగా జారిపోయారు. పట్టుకున్నాను. నా చొక్కా రెండోసారి ఆయన నెత్తుటితో తడిసింది.

ఆసుపత్రి వరండాలో టీచరమ్మ నన్ను కొట్టింది. బడిలో ఎవరి మీదా చెయ్యి ఎత్తని మనిషి. అన్నేళ్లు దాచుకున్నదంతా ఒక్క చెంపదెబ్బలో ఇచ్చేసింది. సార్‌దానికన్నా గట్టిగా తగిలింది. నేను తలెత్తలేదు. నా తమాషాలో అవతల ఒక చెయ్యి ఉందని ఆ రోజూ మరిచిపోయాను.

సార్ కళ్లు తెరిచి మొదట అడిగింది, "నీ తల బాగుందా?"

"బాగనే ఉన్నది సార్."

"ఛ."

సొట్ట సాయంత్రంకల్లా తీసేస్తానన్నాను. "ముట్టుకోకు. అది మనిద్దరం తీయాలి. నేను లోపలి చెయ్యి. కాస్త ఓపిక రానీ" అన్నారు.

ఓపిక రాలేదు గానీ, రెండు వారాలకు మొండితనం వచ్చింది. పొద్దున్నే ఆసుపత్రి నుంచి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నారు. పక్కన టీచరమ్మ, వెనక నేను. తార్నాక చౌరస్తాలో అడ్డం వచ్చిన ప్రతి బైకువాడి వంశాన్నీ పలకరించారు. క్యాంపస్‌లో, కారు కాలిన చోటికి వచ్చాక బ్రేకు తొక్కారు. నా ముక్కు ముందు సీటుకు కొట్టుకుంది. హారన్ మీద అరచెయ్యి పెట్టి, తీయకుండా అలాగే ఉంచారు. నడిచి వెళ్తున్న పిల్లలు చెవులు మూసుకుని చూశారు. ఒకడు "ఏంది అంకుల్, పాగల్ అయినవా?" అని అరిచాడు. సార్ తల బయట పెట్టి, "కొత్త కారురా! రాయెయ్, చూద్దాం!" అన్నారు. వాడు నవ్వి సలాం పెట్టాడు. టీచరమ్మ ఆయన భుజం మీద తల పెట్టుకుంది. నేను కిటికీ బయటికి చూశాను, ముక్కు నెత్తురు తుడుచుకుంటూ.

మిగతా రోడ్డు ఆయన ఎవరినీ తిట్టలేదు.

ఖననం అయ్యాక టీచరమ్మను ఆ కారులోనే తార్నాక తీసుకొచ్చాను. స్టీరింగు ముట్టుకున్నాను, ఎవరూ చేతులు నరకలేదు. దిగుతూ ఆవిడ బానెట్టు చూసి, "ఆ సొట్ట తీసెయ్యి బాబూ, చూడలేకపోతున్నా" అన్నది.

బానెట్టు ఎత్తాను. ఎడమచేత్తో కిందినుంచి దిమ్మ ఆనించాను, నల్ల బొటనవేలు సలుపుతోంది. కుడిచేత్తో సుత్తి ఎత్తాను. ఎత్తిన చెయ్యి ఊ కోసం అలాగే ఉంది. పక్కింటాయన గోడ అవతలినుంచి చూస్తున్నాడు. చప్పుడని తిడతాడేమోనని ఆగాను. ఆయన కూడా ఏమీ అనలేదు.

సుత్తి దించి బానెట్టు మూశాను. వాన మొదలైంది. తెల్లటి రంగు మీద పడ్డ చినుకులన్నీ జారిపోతున్నాయి, సొట్టలో పడ్డవి మాత్రం నిలుస్తున్నాయి. మెయిన్ రోడ్డు మీద బస్సు పోయినప్పుడల్లా ఆ సాసరెడు నీళ్లు వణికి, మళ్లీ నిలబడ్డాయి.