మా తోటికోడలి ఫోనులో చుట్టాల చక్కెర

కంపెనీ అమ్మాయి విశాఖ నుంచి మా ఊరికి వచ్చింది ఒక సోమవారం, ఉదయం పదింబావుకు. షుగరు ఉన్నవాళ్ళ కోసం ఫోనులో పనిచేసే యాప్ ఒకటి తయారు చేస్తున్నారట. వేలు గుచ్చి రక్తపు చుక్కను చిన్న మిషనుకు అందిస్తే, ఆ అంకె దానంతట అదే ఫోనులోకి, ఫోనులోంచి టౌనులో డాక్టరు దగ్గరకు వెళుతుంది.

"మనుషులు రాస్తే తప్పులు దొర్లుతాయి కదండీ. అందుకని రాసే పనే తీసేశాం," అంది. ఉద్యోగమంతా పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. ఆ మాట నాకు నచ్చింది.

దాన్ని వాడి చూడటానికి మా తోటికోడలు ఒప్పుకుంది. ఆమె షుగరు మాత్రలతో లొంగకపోతే ఇన్సులిన్ పెట్టాల్సి ఉంటుందని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. పక్షం రోజుల అంకెలు చూసి తేలుస్తానన్నాడు. ఆమెకు ఇన్సులిన్ అంటే హడలు.

"పొట్టలో సూదంట అప్పా. పొట్టేటి, గోనెసంచేటి కుట్టీడానికి?" అంది నాతో.

అందుకని అన్నం సగానికి తగ్గించింది. పొద్దున్నే చోడి అంబలి, అదే రాగి జావ, తాగి పొలం దాకా నడిచేది. అయినా పక్షం తిరిగేసరికి డాక్టరు దగ్గర నుంచి ఫోను వచ్చింది. అంకెలు బాగాలేవు, శుక్రవారం వస్తే ఇన్సులిన్ మొదలుపెడదాం అని. తోటికోడలు మంచమెక్కింది.

"అన్నం మానీసినాను, పనసతొనలు మానీసినాను. ఇంకేటి మానీమంతాడు, ఊపిరా?"

కంపెనీ అమ్మాయి కంగారుగా వచ్చింది. అంకెలు నాకు చూపించమన్నాను. బుధవారం పొద్దున్న ఏడుంబావుకు 118. అయిదు నిమిషాలకు 342. మరి కాసేపటికి 97.

"ఇంత కొద్దిసేపట్లో ఇలా ఎక్కి దిగడానికి ఇది ఒంట్లో రక్తమా, సాలూరు ఘాటీ రోడ్డు మీద లారీయా?" అన్నాను.

మిషను చెడిపోయిందేమోనని అమ్మాయి తన వేలు గుచ్చుకుని చూసింది. మిషను బాగానే ఉంది. తోటికోడలి వైపు తిరిగి, బుధవారం పొద్దున్న ఏం చేశావని అడిగాను.

"ఏటి సేస్తాను? పాలామె వచ్చింది. ఇదేటమ్మా అనడిగితే సూపించినాను."

"చూపించడమంటే?"

"ముందు నాది గుచ్చుకున్నాను, లేపోతే బయపడతారు కాదా. తరవాత ఆలది. ఇంటికొచ్చిన మనిషిని ఎదట కూకోబెట్టి, మనమొక్కలమే సూసుకుంతామేటి?"

టీ ఇచ్చినట్టు, గడప తొక్కిన వాళ్ళందరికీ ఇచ్చిందన్నమాట. సూది మాత్రం మనిషికొకటి మార్చానని ఒట్టు పెట్టింది. ఆ 342 ఎవరిదని అడిగితే గొంతు తగ్గించింది.

"మీ మరిదిది. నాకే జబ్బూ లేదు, మిషనే అబద్దమాడతన్నాది అనీసి లెగిసి ఎల్లిపోనాడు."

అమ్మాయి డాక్టరుకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. సరిగ్గా కొలిచిన అంకెలు మరో వారం చూసి అప్పుడే తేలుస్తానని ఆయన అన్నాడు. మా తోటికోడలు మంచం దిగింది.

"ఆవిడ వేలిముద్రకే తెరుచుకునేలా ఫోనుకు తాళం పెడతాం," అంది అమ్మాయి.

"తలుపేసుకుని గుచ్చుకోమంతావా గుంటా? మరి మా గుమ్మంలోకి ఇంకెవులొస్తారు?"

అమ్మాయి తాళం మాట మానేసింది. రెండు రోజులకు యాప్ మార్చి తెచ్చింది. ఇప్పుడు గుచ్చిన ప్రతిసారీ ఫోను 'ఈ వేలు ఎవరిది?' అని అడుగుతుంది. కింద రెండు బొత్తాములు: నాది, చుట్టాలది. చుట్టాలది నొక్కితే ఆ అంకె డాక్టరుకు వెళ్ళదు.

ఆ వారంలో ఒక సాయంత్రం నేను అరుగు మీద బియ్యం ఏరుతున్నాను. మా మరిది అటూ ఇటూ చూసి మిషను తీశాడు. నన్ను స్తంభం అనుకున్నాడో ఏమో. వేలు గుచ్చుకుని, ఫోను అడగ్గానే చుట్టాలది నొక్కాడు. 331.

"సొంతింట్లో ఎప్పటి నుంచి చుట్టమయ్యావు?" అన్నాను.

"ఊరికే సూసినాను వదినా. దానికి సెప్పకు."

చెప్పాను. లెక్క దాచడం నాకు చేతకాదు.

డాక్టరు దగ్గరకు ఆటోలో ముగ్గురం వెళ్ళాం. తోడు కోసమని తోటికోడలు మొగుణ్ణి మధ్యలో కూర్చోబెట్టింది. డాక్టరు ఆమె అంకెలన్నీ చూసి, ఇప్పటికి సూది అక్కర్లేదు, మాత్రలే వాడమన్నాడు. ఆమె ఆ మాట మళ్ళీ చెప్పించుకుని స్టూలు మీద నుంచి లేచింది. మొగుడి జబ్బ పట్టుకుని అదే స్టూలు మీద కూర్చోబెట్టింది.

"నాదైపోనాది బాబూ. ఇప్పుడీ సుట్టాన్ని సూడండి."