బానెట్ కింద ఒక ప్రార్థన

మట్టితో మనిషిని చేసి, ఆ మట్టి కాళ్ళకు తన ఇంటి దారి నేర్పిన దేవునికి స్తోత్రం. నడవగలిగిన రోజుల్లో నడిపించినందుకు స్తోత్రం, నడవలేని రోజుల్లో మోయించినందుకు స్తోత్రం. అక్షరం రాని తల్లి చేసిన పనిని కూడా లెక్కలోకి తీసుకునే ఆయనకు మహిమ కలుగును గాక. నేను చెప్పబోయేది ఒక పాత కారు సంగతి. అయినా ఇందులో కారుది ఎంతో, ఆయనదీ అంతే. అందుకే ముందుగా ఆయనకు దండం పెట్టి మొదలుపెడుతున్నాను.

మా అమ్మకు ఎనభై దాటాయి. రెండేళ్ళ కిందట స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. లోపల రాడ్డు వేశారు. అప్పటి నుంచి వాకర్ పట్టుకుని ఇంట్లో తిరుగుతుంది గానీ ఆటో ఎక్కలేదు. ఆ మెట్టు మీదికి కాలు లేవదు. ఒకసారి ఫోన్‌లో టాక్సీ పిలిచాం. అమ్మ రెండో కాలు లోపల పెట్టకముందే డ్రైవరు బండి కదిలించాడు. ఆ రోజుతో ముక్కూ మొహం తెలియని వాళ్ళ బండి ఎక్కనని తేల్చి చెప్పింది. ఇక మిగిలింది మా పాత కారు. ముందు సీటు చివరిదాకా వెనక్కి జరిపి, కింద పీట వేసి, ఒకవైపు నేను, ఒకవైపు నా భార్య పట్టుకుని కూర్చోబెడతాం. నేను చెన్నై శివారు మనలిలో ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులో పోతాను కాబట్టి వారమంతా ఆ కారు ఇంటి ముందే ఉంటుంది. ఆదివారం మాత్రం అమ్మను ఆరాధనకు తీసుకుపోతుంది.

అమ్మ కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చి నన్ను చదివించింది. ఆరు రోజులు ఖాకీ కోటు, ఏడో రోజు తెల్ల చీర. ఆస్పత్రిలో ఉన్న నాలుగు వారాలు తప్ప ఆమె ఆ చీర కట్టని ఆదివారం నాకు గుర్తు లేదు. చదవడం రాదు, కానీ మా సంఘంలో పాడే పాటలన్నీ నోటికి వచ్చు. పాట ఎత్తుకోగానే పక్కనున్న వాళ్ళ చెయ్యి పట్టుకుంటుంది. ఎవరి చెయ్యి అని చూడదు.

పోయిన వేసవి ముందు కారులో కాలిన వాసన మొదలైంది. ఇంటి దగ్గర బాగానే ఉండేది. పది నిమిషాలు నడిచి మొదటి సిగ్నల్ దగ్గర ఆగగానే బానెట్ సందులోంచి సన్నగా తెల్లటి పొగ వచ్చేది. చూలై పేటలో మాకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు. చూసి, ఇంజిన్ మీద నూనె తడి ఉందని పైమూత కింది రబ్బరు ప్యాకింగ్ మార్చాడు. రెండు వారాలకు మళ్ళీ పొగ. మళ్ళీ మార్చాడు. మళ్ళీ అదే. మూడోసారి చేతులు తుడుచుకుంటూ నన్ను పక్కకు పిలిచాడు.

"సార్, ఎన్ని తూర్లు మార్చినా ఆడనే తడి. ఇంజిన్ దించి చూడాల. ఈ వయసు బండికి అంత పని వద్దు సార్. పాత సామానుకు ఇచ్చేయండి."

"మా అమ్మ ఎక్కేది ఇదొక్కటే."

"నా బయమంతా అదే. పొగ పోయే వేడి గొట్టం మీద ఆయిల్ పడతా ఉంది. నిప్పు అంటుకుంటే అమ్మను బిరబిరా దించగలరా మీరు?"

ఇద్దరం పట్టుకుని దించడానికే అయిదు నిమిషాలు పడుతుంది.

నా మొహం చూసి జాలిపడ్డాడేమో, "ఆఖరుగా ఒకటి చేయండి. ఇంట్లోనే ఇంజిన్ శుభ్రంగా తుడిచేయండి. కొత్తగా తడి వస్తే ఏడ నుంచి వస్తా ఉందో తెలుస్తాది. వాటర్ సర్వీసోళ్ళకు మాత్రం ఇవ్వొద్దు, గొట్టం పెట్టి కొడతారు, వైర్లలోకి నీళ్ళు పోతాయి. ఈసారి కూడా దొరక్కపోతే నన్ను అడగొద్దు సార్," అన్నాడు.

ఆ ఆదివారం కారు తీయలేదు. అమ్మ తెల్ల చీర కట్టుకుని మంచం మీద కూర్చుంది. ఫోన్‌లో ఆరాధన పెట్టి ముందు నిలబెట్టాను. పాటలు పాడింది, చప్పట్లు కొట్టింది, పాస్టరు అయ్యగారి దీవెనకు తల వంచింది. అంతా అయ్యాక, "పాట వినపడతాది గానీ పక్కనోళ్ళ చెయ్యి దొరకదు కదరా," అంది.

తరువాతి శనివారం పొద్దున్నే పని మొదలుపెట్టాను. కారు వారం రోజులుగా కదల్లేదు కాబట్టి ఇంజిన్ చల్లగా ఉంది. వేడి ఇంజిన్ మీద తడి గుడ్డ పెట్టకూడదు, చెయ్యీ కాలుతుంది, ఇనుమూ పగలవచ్చు. ఉంగరం, వాచీ తీసి నా భార్యకు ఇచ్చాను. అన్నిటికంటే ముందు బ్యాటరీ మైనస్ వైరు విప్పి పక్కకు కట్టాను. కడిగి దాచిన పెద్ద ప్లాస్టిక్ ప్యాకెట్లు తెచ్చి బ్యాటరీకి, డైనమోకు, ఫ్యూజు పెట్టెకు, గాలి పీల్చే గొట్టం నోటికి తొడిగి రబ్బరు బ్యాండ్లు వేశాను.

"కిరసనాయిలుతో తుడిస్తే తొందరగా పోదూ?" అంది నా భార్య.

"పోతుంది. తరువాత మనమూ పోతాం. ఆ ఆవిరి మిగిలిపోతే ఒక్క నిప్పురవ్వ చాలు."

"మంచి మాటే రాదు మీ నోట్లో," అని బకెట్‌లో గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు కలిపి తెచ్చింది.

అమ్మ గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది. నేను ముందు ఎండు బ్రష్‌తో ఆకులు, దుమ్ము దులుపుతున్నాను.

"అంతా తుడిచేస్తావా?" అని అడిగింది.

"అంతా తుడిస్తేనే కదమ్మా తెలిసేది."

"కొంచెం గూడా మిగల్చవా?"

"జిడ్డు మిగుల్చుకుని ఏం చేస్తామమ్మా?"

అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నా చేతుల వైపే చూస్తూ ఉంది.

సబ్బు నీళ్ళు ఇంజిన్ మీద పోయలేదు. గుడ్డను ముంచి, గట్టిగా పిండి, కొంచెం కొంచెంగా తుడుస్తూ వచ్చాను. మూలల్లో పాత పళ్ళ బ్రష్. పైమూత పక్కన, వేడి గొట్టం అంచున ఒక జిడ్డు ఎంత తుడిచినా రాలేదు. నా భార్య వంగి గోటితో గీకింది. అది పసుపుపచ్చగా, గట్టిగా, పెచ్చులా లేచింది.

"ఏమండీ, ఇంజిన్ ఆయిల్ నల్లగా కదా ఉంటుంది? ఇది పెనం అడుగున కట్టే జిడ్డు. వంట నూనె మాడితే ఇట్లా అవుతుంది." వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టింది. "కొబ్బరి నూనె."

అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. ప్రతి ఆదివారం బయలుదేరే ముందు బానెట్ ఎత్తి నీళ్ళూ, ఆయిలూ చూస్తాను. ఇన్ని నెలలుగా కారుతున్న ఇంజిన్‌లో ఆయిల్ ఒక్కసారి కూడా తగ్గలేదు. దాన్ని దేవుని కృప అనుకున్నానే గానీ ఆలోచించలేదు.

గాలి ఫిల్టరు పెట్టె మూత మీద గుడ్డ పెట్టబోయి ఆగిపోయాను. నల్లటి మూత మీద నూనె జిడ్డుకు దుమ్ము ఒకచోట మాత్రం మందంగా అంటుకుని ఉంది. ఒక నిలువు గీత. ఒక అడ్డ గీత. వేలితో పదేపదే గీసిన సిలువ.

తల తిప్పి గుమ్మం వైపు చూశాను.

"నేనేరా," అంది అమ్మ. "అయ్యగారు ప్రార్థన చేసిచ్చిన నూనె. నువ్వు బండి తెరిచి చూసి, చెయ్యి కడుక్కోను లోపలికి పోతావు కదా. అప్పుడు."

"ఎందుకమ్మా?"

"ఎందుకేంది? నువ్వే కదా చెప్పింది! మనింట్లో ప్రార్థన కూడిక పెట్టినప్పుడు. ఎడారిలో దేవునికి గుడారం లేపినప్పుడు గిన్నెల దాకా, పళ్ళేల దాకా నూనె పోసి దేవునికి వేరు చేసినారని. దేవుని ఇంటికి పోయే బండి గిన్నె కంటే తక్కువా? అందులో పాతది. ఏడ ఆగిపోతాదో అని నాకు బయం. సిలువ గీసి, మిగిలింది ఇంజిన్ మీద పోస్తా."

నేను సంఘంలో పెద్దను. వాక్యంలో ఎవరు ఏ ప్రశ్న అడిగినా గంటసేపు జవాబు చెప్పగలను. ఆ పొద్దు గుడ్డ చేత్తో పట్టుకుని నిలబడిపోయాను. నా భార్య నవ్వు ఆపుకోలేక బకెట్ తీసుకుని లోపలికి పోయింది.

చెప్పకుండా ఉండే వీలు లేదు. వెళ్ళి అమ్మ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాను. వేడి గొట్టం మీద పడిన నూనె కాలుతుందని, పొగ అదేనని, ఎక్కువైతే మంట కూడా రావచ్చని మెల్లగా చెప్పాను.

"అయితే నా ఆదివారాన్ని నేనే పొగ చేసుకున్నానా?"

"నీ ప్రార్థన తప్పు కాదమ్మా. ఇనుము వేడెక్కుతుంది, నూనె కాలుతుంది. రెండింటినీ అట్లా చేసింది ఆయనే. అంతే."

జిడ్డు చేతులని నేను వెనక్కి లాక్కుంటున్నా, అమ్మ వాటిని పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. శుభ్రంగా ఉతికిన చీర మీద నల్లటి మరకలు పడ్డాయి. ఆమె చూడలేదు. నేను చూశాను గానీ చేతులు తీసుకోలేదు.

ఆ తరువాత సిలువను కూడా తుడిచాను. తుడిచేటప్పుడు లోపల ఒక ప్రార్థన చేసుకున్నాను. ఆరిన గుడ్డలతో తడి అంతా ఒత్తి, బానెట్ తెరిచే ఉంచి మధ్యాహ్నం దాకా ఆరనిచ్చాను. తొడిగిన ప్యాకెట్లు నాలుగూ తీశానా అని చూసుకుని, చివరగా మైనస్ వైరు బిగించి స్టార్ట్ చేశాను. అరగంట నడిపినా పొగ లేదు. నా భార్య ముక్కు దగ్గరగా పెట్టి చూసి తల ఊపింది. మెకానిక్‌కు ఫోన్ చేసి సంగతి చెబితే, "అయ్యయ్యో, రెండు తూర్లు ప్యాకింగ్ మార్చినానే!" అన్నాడు.

ఆదివారం పొద్దున అమ్మ తెల్ల చీర కట్టుకుని, చిన్న నూనె సీసా ఒళ్ళో పెట్టుకుని కారు పక్కన కూర్చుంది.

"ఏడ పోస్తే కాలదో చెప్పు," అంది. "స్టీరింగ్ మీద?"

"చెయ్యి జారుతుందమ్మా."

"కింద తొక్కేదాని మీద?"

"బ్రేకు మీదా! వద్దమ్మా!"

"అద్దం మీద ఒక చుక్క?"

"దారి కనపడదు."

"గమ్మునుండరా, అన్నిటికీ వద్దంటావు."

"అత్తా, ఇంక మిగిలింది ఆయన బట్టతలే," అంది నా భార్య. "ఎంత పోసినా కాలదు."

అమ్మ నవ్వలేదు. నా వైపు చూసి, వంగమన్నట్టు చెయ్యి ఊపింది. వాకర్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. నడినెత్తిన నూనె పోసి, వీధులు ఊడ్చి ఊడ్చి గరుకైన ఆ అరచేతిని పెట్టి, పెదవులు కదిలిస్తూ ఉండిపోయింది. నూనె చెవి వెనక నుంచి కాలరులోకి దిగింది. నలభై ఏళ్ళ తరువాత మా అమ్మ నా తల అంటింది.

సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు నేనూ నా భార్యా బానెట్ సందు వైపే చూశాం.

"వస్తా ఉందా?" అని అడిగింది అమ్మ, కళ్ళు తెరవకుండానే.

"లేదమ్మా."

ఆరాధనలో పాట ఎత్తుకున్నారు. అమ్మ పక్క కుర్చీలో ఉన్న ఎవరిదో చెయ్యి పట్టుకుంది.

ఇది చదువుతున్న ప్రియులారా, ఒక్క నిమిషం నాతో కళ్ళు మూయండి. ప్రభువా, నీ ఇంటికి రావాలని ఉండి గడప దాటలేని ముసలివాళ్ళందరినీ ఈ వారం గుర్తు చేసుకో. వాళ్ళను మోసే చేతులకు ఓపిక ఇవ్వు. మేము నోటితో బోధించిన దానిని మాకంటే గట్టిగా నమ్మిన వాళ్ళను నొప్పించకుండా మాట్లాడే నాలుక మాకు ఇవ్వు. మా అమ్మకు ఇంకా కొన్ని ఆదివారాలు దయచేయి. ఆమేన్ అని మీరూ అనండి.