నలభై ఒక్క పూతల గోడ

1948 సెప్టెంబరు 9, గురువారం. మా పెద్దనాయన యోబు ఇబ్రహీంపట్నంలోని తన ఇంటి వెనకగదిలో ఒకే గోడను పది రోజుల్లో నలభై ఒకటోసారి నునుపు చేస్తున్నారు. అతిశయోక్తి కాదు, లెక్కపెట్టింది నేనే. సున్నం పూయడం, తడి ఆరకముందే రాయితో రుద్దడం, కళ్లు మూసుకొని చెంప ఆనించడం, నిట్టూర్చి మళ్లీ పూయడం.

జబ్బు పాతదే. కూతురు లీదియక్కకు సంబంధం చూడబోయి, వాళ్ల గోడకు చెంప ఆనించి, గరుకుగా ఉందని లేచి వచ్చేసిన మనిషి. కానీ ఈసారి ఆయనకు కాలు నిలవడం లేదు. అన్నం కూడా అటకెక్కే తింటున్నారు. గోడ వంకర పైనుంచే తెలుస్తుందట. వంకర చూసేకొద్దీ ఆకలి రెట్టింపవుతోందని పెద్దమ్మ ప్రేమమ్మ ఆశ్చర్యపోయేది.

"గోడ అరిగి అవతలి సందు కనబడేదాక రుద్దుతవా? ఊరంత పాణం గుప్పిట్ల వెట్టుకుంటే నీకు సున్నం ఫికరా?"

ఊరి భయం నిజమే. నిజాంకు ఎదురు తిరిగిన సంఘం చీటీలు మోసిన పక్కింటి కొండల్ కోసం నిజాం సిపాయిల గస్తీ తిరుగుతోంది. దొరికితే కాల్చేస్తారు.

ఆ గురువారమే గస్తీ మా ఇంటికొచ్చింది. జమేదారు వెనకగదిలో అడుగుపెట్టగానే గోడలోంచి దగ్గు వినిపించింది. పెద్దనాయన తానూ దగ్గి, రాయిని బరబరా లాగారు.

"జర చెంప ఆనిచ్చి చూడు సాబ్. నా చెంప మొద్దువారింది, యాడ గరుకుందో తెలుస్తలేదు."

జమేదారు ఏమనుకున్నాడో, నిజంగానే ఆనించాడు. సగం మొహం తెల్లబడింది. సిపాయిలు నవ్వాపుకోలేకపోయారు. పిచ్చోడని తిట్టి, మొహం తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

వెంటనే గది కొలిచాను. రెండు మూరలు తగ్గింది. ఈ పూతలు మొదలవకముందు నేనూ పెద్దమ్మా ఊళ్లో లేని రెండు రోజుల్లో పాతగోడకు ముందు కొత్తగోడ లేచింది. అటకెక్కిన అన్నం ఆ రెండింటి సందులోకే దిగుతోంది. ఎప్పుడూ తడిగా ఉండే గోడ కొత్తదో పాతదో ఎవరికి తెలుస్తుంది?

మరుసటి వారం శుక్రవారం నిజాం సైన్యం లొంగిపోయిన కబురొచ్చింది. పెద్దమ్మే గడ్డపార తెచ్చి గోడ పడగొట్టించింది. వీపు గీరుకుపోకుండా లోపలివైపు కూడా అద్దంలా నునుపు చేసి ఉంది. కొండల్ బయటికొచ్చి, చెంబెడు నీళ్లు తాగి, మొదట చెప్పింది ఇది:

"గింత నున్నగ ఎవలు జెయ్యమన్నరు పెద్దబాపు? వీపు ఆనిస్తే జారుడే. పద్దెనిమిది దినాలు నిద్ర లేదు."

ఊరంతా నిజాం కబురు చెప్పుకుంటుంటే, పెద్దనాయన ఇంటింటికీ వెళ్లి ఆ ఫిర్యాదు చెప్పి వచ్చారు.